ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేముందు: ఏ బండికి ఏ సర్టిఫికెట్, ఎంతవరకు నమ్మొచ్చు

షోరూమ్‌లో “సర్టిఫికెట్ ఉందా” అని అడిగితే లేదని చెప్పే డీలరు ఉండడు. ఏదో ఒక కాగితం చూపిస్తాడు. ఆ కాగితం ఏ మోడల్‌కి, ఏ బ్యాటరీతో, ఏ చార్జర్‌తో ఇచ్చారో చూడాల్సింది మీరు. ఈ మూడింట్లో ఏది మారినా ఆ కాగితానికీ మీ బండికీ సంబంధం లేనట్టే. మైలేజీ, రంగు, ఈఎంఐ కన్నా ముందు ఇది తేల్చుకోండి, ఎందుకంటే ఆ బ్యాటరీ రాత్రంతా మీ ఇంట్లోనే చార్జ్ అవుతుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీ పేలి చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది ప్రాణాలు పోయాయి. ఇలాంటివి దేశమంతా వరుసగా జరిగాక, టూవీలర్ బ్యాటరీల ప్రమాణం ఏఐఎస్-156ని కేంద్రం బాగా బిగించింది. సవరించిన నిబంధనలు తొలి విడత 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. రెండో తేదీ గుర్తుపెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు పనికొస్తుంది.

కొనేవాళ్ల ముందు నాలుగు దారులున్నాయి: నంబరు ప్లేటు వచ్చే స్కూటర్, రిజిస్ట్రేషన్ అక్కర్లేని తక్కువ వేగం బండి, పాత పెట్రోల్ బండిని ఎలక్ట్రిక్‌గా మార్చే కన్వర్షన్ కిట్, ఉన్న ఎలక్ట్రిక్ బండికే బయట చేయించే కొత్త బ్యాటరీ ప్యాక్. నాలుగింటికీ వర్తించే రూల్స్ వేరు, వాటి వెనకున్న పరీక్షలు కూడా వేరు.

నంబరు ప్లేటు ఉన్న స్కూటర్

ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలున్నాయంటే ఆ మోడల్ పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ నుంచి టైప్ అప్రూవల్ తెచ్చుకుందని అర్థం. అందులో బ్యాటరీకి ఏఐఎస్-156 పరీక్షలుంటాయి. ప్యాక్‌ని వైబ్రేషన్ టేబుల్ మీద ఊపుతారు, వేడికీ చలికీ మార్చి మార్చి గురిచేస్తారు, బయటినుంచి షార్ట్ చేస్తారు, పరిమితి దాటించి చార్జ్ చేస్తారు, మంట మీద పెడతారు. బండిలోంచి బయటికి తీసే ప్యాక్ అయితే ఒక మీటరు ఎత్తునుంచి కాంక్రీటు మీద పడేస్తారు కూడా.

అన్నిటికన్నా కీలకమైంది థర్మల్ ప్రొపగేషన్ పరీక్ష. ప్యాక్ అంటే చాలా చిన్న బ్యాటరీల (సెల్ల) కట్ట. లోపల ఒక్క సెల్‌ని కావాలని వేడెక్కించి అదుపు తప్పేలా చేస్తారు. ఆ వేడి పక్క సెల్లకి పాకి ప్యాక్ బయటికి మంట రాకూడదు, పేలకూడదు. అందుకే ఇప్పటి ప్రమాణం సెల్లకీ సెల్లకీ మధ్య ఎడం, వేడైన గాలి బయటికి పోయే వెంట్, ఫ్యూజు, లోపల పలుచోట్ల ఉష్ణోగ్రత సెన్సర్లు, ప్రమాదాన్ని ముందే చెప్పే అలారం అడుగుతుంది. పక్కపక్క సెల్ల వరసలు ఒకదాన్నొకటి అదుపు లేకుండా చార్జ్ చేసుకోకుండా ఆపే సర్క్యూట్ కూడా ఉండాలి. సెల్లు విడిగా ఐఎస్ 16893 పరీక్ష పాసై ఉండాలి, వాటి తయారీ నెల, సంవత్సరం కనబడాలి.

దీనికీ ఒక హద్దుంది. టైప్ అప్రూవల్ అంటే కంపెనీ పంపిన నమూనా పాసైందని. షోరూమ్‌కి వచ్చిన వెయ్యో బండి కూడా అలాగే ఉందా అని చూసేది ఇంకో తనిఖీ, దాన్ని సీఓపీ అంటారు. అది అప్పుడప్పుడూ జరిగేది, ప్రతి బండికీ జరగదు. కాబట్టి ఒకే మోడల్‌లో రకరకాల ప్యాక్‌లు దొరుకుతుంటే మీకిచ్చే ప్యాక్ ఏదో అడిగి తెలుసుకోవాలి.

డెలివరీకి ముందు మూడు పనులు చేయండి. ఒకటి, ఫారం 22 అడగండి; ఆ బండి భద్రతా నిబంధనలకి లోబడి ఉందని తయారీదారే సంతకం పెట్టి ఇచ్చే కాగితం అది. అందులోని చాసిస్ నంబరు బండి మీదున్న నంబరుతో కలవాలి. రెండు, సీటు లేపో, ఫ్లోర్‌బోర్డు తీయించో ప్యాక్ మీదున్న లేబుల్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి: సీరియల్ నంబరు, వోల్టేజీ, సామర్థ్యం, తయారీ నెల. మూడు, చార్జర్ వెనకున్న లేబుల్ కూడా ఫొటో తీయండి. రేపు సర్వీస్ సెంటర్‌లో ప్యాక్ మార్చారో లేదో తేల్చేవి ఈ రెండు ఫొటోలే.

తీసే ప్యాకా, బిగించిన ప్యాకా అన్నది చాలామంది సౌకర్యం లెక్కన చూస్తారు. కింద పార్కింగ్‌లో ప్లగ్గు ఉంటే బిగించిన ప్యాక్ ఉన్న బండే తీసుకోండి. మంట వస్తే అది ఇంటి బయట వస్తుంది. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, కింద కరెంటు పాయింటు ఇవ్వరు అన్నప్పుడే తీసే ప్యాక్ అవసరం. అప్పుడు కూడా దాన్ని పడకగదిలో పెట్టొద్దు, తలుపుకీ మెట్లకీ అడ్డంగా అసలే పెట్టొద్దు. కాలడం మొదలైతే బయటికి పోవడానికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. బాల్కనీలో, నీడలో, పక్కన బట్టలూ అట్టపెట్టెలూ లేనిచోట పెట్టండి.

ఐపీ67 గురించి ఒక మాట. ప్యాక్‌కి ఆ రేటింగ్ ఉందంటే దుమ్ము లోపలికి పోదనీ, ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలుంచినా నీరు చొరబడదనీ అర్థం. వానకీ, రోడ్డు మీద నిలిచిన నీళ్లకీ అది చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో బళ్లు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. అలాంటి మునకకి ఐపీ67 హామీ ఏమీ ఇవ్వదు. అలా మునిగిన ప్యాక్‌ని తుడిచి, ఎండలో ఆరబెట్టి చార్జింగ్‌కి పెడితే లోపల తేమ తగిలిన సర్క్యూట్ బోర్డు షార్ట్ అయ్యేది సరిగ్గా అప్పుడే. ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి సర్వీస్ వాళ్లకి అప్పగించండి.

రిజిస్ట్రేషన్ అక్కర్లేని తక్కువ వేగం బండి

లైసెన్సు, నంబరు ప్లేటు ఏదీ వద్దని అమ్మే బళ్లు ఇవి. చట్టం దీన్ని మోటారు వాహనంగా లెక్కించకూడదంటే మోటారు 30 నిమిషాల పవర్ 250 వాట్ల లోపుండాలి, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపుండాలి, బ్యాటరీ తీసేశాక బరువు 60 కిలోలు దాటకూడదు, బ్రేకులూ ముందూ వెనకా రిఫ్లెక్టర్లూ ఉండాలి. ఇవన్నీ చూసి పరీక్షా సంస్థ మోడల్ పేరు మీద మినహాయింపు పత్రం ఇస్తుంది. డీలర్ చూపించాల్సింది అదే. దాంట్లో ఉన్న మోడల్ పేరు, బిల్లు మీదున్న పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

ఆ మినహాయింపులో బ్యాటరీకి ఏఐఎస్-156 పరీక్ష షరతుగా లేదు. పవరూ వేగమూ బరువూ చూస్తారు, అంతే. అంటే మొత్తం మార్కెట్లో అతి తక్కువ పరీక్షలు దాటిన లిథియం ప్యాక్‌లు ఎక్కువగా ఉండేది ఈ చవక బళ్లలోనే. మంచి కంపెనీలు చట్టం అడక్కపోయినా ఏఐఎస్-156 పాసైన ప్యాక్ పెడతాయి. అలాంటప్పుడు ప్యాక్ పరీక్షా నివేదిక అడిగితే ఇస్తారు. ఇవ్వడానికి తటపటాయిస్తే ఆ బండిలో లిథియం వద్దు, లెడ్ యాసిడ్ ఉన్నదే తీసుకోండి. బరువు ఎక్కువ, త్వరగా అరిగిపోతుంది, రేంజ్ తక్కువ. కానీ లిథియంలా తనంతట తాను అదుపు తప్పి మండే గుణం దానికి లేదు. గాలి ఆడే చోట చార్జ్ చేస్తే చాలు, ఎందుకంటే చార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వదులుతుంది.

ఇంకో సంగతి: “ఈ వైరు తీసేస్తే 45లో పోతుంది సార్” అనే డీలర్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ వైరు తీసిన నిమిషం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ లేదు, నడిపినవాడి మీద కేసు. బండి బ్రేకులు, వైర్ల మందం, ప్యాక్ ఇచ్చే కరెంటు అన్నీ 25 కిలోమీటర్ల వేగానికి లెక్కేసినవి. వేగం పెంచితే ముందు వేడెక్కేది కంట్రోలర్ దగ్గరి కనెక్టర్లు, తర్వాత ప్యాక్.

పాత బండికి కన్వర్షన్ కిట్

ఇక్కడ తేల్చాల్సింది రెండే. కిట్‌కి మీ బండి మోడల్ పేరుతో ఏఐఎస్-123 కింద ఆమోదం ఉందా, బిగించాక ఆర్‌సీలో ఇంధనం మార్పు ఆర్టీఓ నమోదు చేస్తారా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆ నమోదు తప్పనిసరి. “ఏ బండికైనా సరిపోతుంది” అని ఆన్‌లైన్‌లో అమ్మే హబ్ మోటారు (చక్రంలోనే మోటారు ఉండే) కిట్‌లకి ఇవి రెండూ ఉండవు. ఆమోదం ఉన్న కిట్, దాన్ని బిగించడానికి అనుమతి ఉన్న వర్క్‌షాప్ దొరికితే, బండి ఛాసిస్ గట్టిగా ఉంటే ఆలోచించొచ్చు. లేకపోతే వద్దు.

బయట చేయించే కొత్త ప్యాక్

ఎక్కువ ప్రమాదం ఉన్నదీ, ఎక్కువమంది వెళ్లేదీ ఈ దారిలోనే. మూడేళ్లకి బ్యాటరీ డౌన్ అవుతుంది, కంపెనీ ప్యాక్ ధర వింటే గుండె గుభేలుమంటుంది, పక్క వీధిలో సగం ధరకి ప్యాక్ చేసిస్తామంటారు. ఆ మెకానిక్‌కి నైపుణ్యం లేదని చెప్పడం లేదు. ఎంత బాగా చేసినా ఆ ప్యాక్‌కి ఏ పరీక్షా లేదు, మీ బండి పొందిన టైప్ అప్రూవల్ దానికి వర్తించదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ వేసే మొదటి ప్రశ్నే అది.

అసలు ముప్పు ఎక్కడుందో లెక్కలో చూడండి. 60 వోల్టులు అని రాసున్న ప్యాక్‌లన్నీ ఒకటి కాదు. వాటిలోని లిథియం సెల్లు ముఖ్యంగా రెండు రసాయనాలవి: నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండే ఎన్‌ఎంసీ; ఇనుము, ఫాస్ఫేటు ఉండే ఎల్‌ఎఫ్‌పీ. సెల్లని ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపితే వాటి వోల్టేజీలు కూడుతూ పోతాయి. ఎన్‌ఎంసీ సెల్ నిండితే 4.2 వోల్టులు, 16 వరసల ప్యాక్ 67.2 దగ్గర నిండుతుంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ నిండేది 3.65 దగ్గర, 20 వరసల ప్యాక్‌కి 73 వోల్టులు కావాలి. రెండు చార్జర్ల మీదా 60 వోల్టులనే రాసుంటుంది, పిన్ను కూడా ఒకటే. 73 వోల్టుల చార్జర్‌ని 16 వరసల ఎన్‌ఎంసీ ప్యాక్‌కి పెడితే ఒక్కో సెల్ మీద 4.56 వోల్టులు పడతాయి. ప్యాక్ లోపల వోల్టేజీనీ వేడినీ కనిపెట్టి చూసే బోర్డు, అంటే బీఎంఎస్, పనిచేస్తే 4.25 దగ్గరే కట్ చేస్తుంది. చవక బీఎంఎస్‌లో స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్ కాలితే చాలాసార్లు అది కరెంటుని ఆపకుండా, షార్ట్ అయి వదులుతూనే ఉండిపోతుంది. ఇక ఆపేవాడు లేడు. లెడ్ యాసిడ్ తీసేసి లిథియం వేయించి పాత చార్జరే వాడే ఇళ్లలో జరిగేదీ ఇదే. 48 వోల్టుల లెడ్ యాసిడ్ చార్జర్ 58 నుంచి 59 దాకా వెళ్తుంది, 13 వరసల ఎన్‌ఎంసీకి 54.6 మించకూడదు.

కాబట్టి ఏ ప్యాక్ తీసుకున్నా దాని మీద రసాయనం, వరసల సంఖ్య, నిండు వోల్టేజీ రాయించుకోండి. చార్జర్ లేబుల్ మీద “అవుట్‌పుట్” అని ఉన్న అంకె ఆ నిండు వోల్టేజీకి సమానంగా ఉండాలి. మల్టీమీటర్ ఉంటే చార్జర్ విడిగా పెట్టి కొలవండి. కొన్ని చార్జర్లు బ్యాటరీ తగిలితేనే వోల్టేజీ చూపిస్తాయి. అలాంటిదైతే చార్జింగ్ పూర్తయ్యాక ప్యాక్ వోల్టేజీ చూడండి.

సామర్థ్యం అబద్ధమా నిజమా తేల్చడానికి తక్కెడ చాలు. 2 కిలోవాట్ అవర్ ఎన్‌ఎంసీ ప్యాక్‌లో చిన్న సిలిండర్ సెల్లు మాత్రమే ఏడున్నర నుంచి పది కిలోలుంటాయి. ఎల్‌ఎఫ్‌పీ సిలిండర్ సెల్లయితే 15 కిలోల దాకా తూగుతాయి. పెట్టె, బోర్డు, వైర్లు అదనం. అన్నీ కలిపి ఆరు కిలోలు తూగే ప్యాక్‌ని 2 కిలోవాట్ అవర్ అని అమ్మితే అందులో అంత శక్తి లేదు. పాత ల్యాప్‌టాప్, పాత బండి ప్యాక్‌లలోంచి తీసి కొత్త తొడుగు వేసిన సెల్లు బాగానే తిరుగుతున్నాయి. ఒకే ప్యాక్‌లో కొత్తవీ పాతవీ కలిస్తే బలహీనమైన సెల్ ముందు నిండి, ముందు ఖాళీ అయి, ఏ పూటకాపూట దెబ్బతింటూ పోతుంది.

కంపెనీ ప్యాక్ దొరికితే అదే వేయించండి, ధర భారమైనా. కంపెనీయే మూతపడిందంటే ఏఐఎస్-156 పాసైన ప్యాక్‌లు చేసే తయారీదారు దగ్గర, అదే వోల్టేజీ, అదే రసాయనం, వాళ్ల చార్జర్‌తో కలిపి తీసుకోండి. అదీ దొరక్కపోతే బండి మార్చేయడం మేలు.

ఎల్‌ఎఫ్‌పీనా, ఎన్‌ఎంసీనా

సర్టిఫికెట్ సమానంగా ఉన్న రెండు బళ్ల మధ్య తేల్చుకోలేకపోతే ఎల్‌ఎఫ్‌పీ వైపు మొగ్గండి. అది అదుపు తప్పడానికి కావాల్సిన వేడి ఎన్‌ఎంసీ కన్నా ఎక్కువ, దాదాపు 270 డిగ్రీలు. ఎన్‌ఎంసీ 210 ప్రాంతంలోనే మొదలెడుతుంది. చార్జ్ సైకిళ్లు కూడా ఎక్కువొస్తాయి. బరువు, చోటు ఎక్కువ తీసుకుంటుంది కాబట్టి అదే సైజు బండిలో రేంజ్ తగ్గుతుంది. అయితే పరీక్ష లేని ఎల్‌ఎఫ్‌పీ కన్నా ఏఐఎస్-156 పాసైన ఎన్‌ఎంసీయే మంచిది. ఎల్‌ఎఫ్‌పీ కూడా కాలుతుంది, అది వదిలే వాయువులు కూడా మండేవే.

మన ఎండలకి ఇది ముఖ్యం. చాలా లిథియం సెల్లని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. రామగుండంలో, రెంటచింతలలో మే నెలలో నీడలోనే అంత వేడి ఉంటుంది, బండి నడిపొచ్చిన ప్యాక్ ఇంకా వేడిగా ఉంటుంది. మధ్యాహ్నం ప్లగ్గు పెడితే చార్జింగ్ ఎక్కకపోవడం చాలాసార్లు బీఎంఎస్ తన పని తాను చేయడమే. అది రిపేరనుకుని బీఎంఎస్‌ని బైపాస్ చేయించొద్దు. గంట ఆగండి, లేదా రాత్రి పెట్టండి.

చూపించే కాగితాలు, చెప్పని సంగతులు

యూఎన్ 38.3 అనేది రవాణా పరీక్ష. ఓడలో, విమానంలో, లారీలో ప్యాక్ క్షేమంగా పోతుందని చెబుతుంది. ఒక సెల్ కాలితే మిగతావాటి సంగతేంటని అది చూడదు. సీఈ గుర్తు యూరప్ మార్కెట్ కోసం, చాలా వస్తువుల మీద తయారీదారే సొంతంగా వేసుకోవచ్చు. మన దేశంలో దాంతో పని లేదు. ఆర్ఓహెచ్ఎస్ అంటే సీసం లాంటి విషపదార్థాలు పరిమితిలో ఉన్నాయని. ఐఎస్ఓ 9001 ఆఫీసు పద్ధతులకి ఇచ్చేది, బ్యాటరీకి ఇచ్చేది కాదు. ఇవన్నీ నిజమైన కాగితాలే కావచ్చు, మీ ప్రశ్నకి మాత్రం జవాబులు కావు.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు చూపిస్తే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఏ ఉత్పత్తికి, ఏ ఫ్యాక్టరీకి ఇచ్చారో అందులో వస్తుంది. ఐఎస్ 16046 కింద వచ్చిన నంబరైతే అది ఫోన్లు, పవర్ బ్యాంకుల లాంటి చేత్తో మోసుకెళ్లే వస్తువుల బ్యాటరీలకి. స్కూటర్ ప్యాక్‌కి అది ఏఐఎస్-156 స్థానంలో చెల్లదు.

అమెరికాలో డెలివరీలకో కాలేజీకో ఈ-బైక్ కొనే మన పిల్లలు చూడాల్సినవి వేరు, అవి యూఎల్ అనే అమెరికా భద్రతా ప్రమాణాలు: బైక్ మొత్తం విద్యుత్ వ్యవస్థకి యూఎల్ 2849, బ్యాటరీకి యూఎల్ 2271, స్కూటర్లు, హోవర్‌బోర్డులకి యూఎల్ 2272. న్యూయార్క్ నగరంలో 2023 సెప్టెంబర్ 16 నుంచి ఇవి లేనివి అమ్మడం చట్టవిరుద్ధం. పెట్టె మీద “యూఎల్ సెల్స్ వాడాం” అని ఉంటే మోసపోవద్దు. సెల్‌కి ఉన్న గుర్తింపు ప్యాక్‌కి రాదు.

ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకి, వెనక మనిషిని ఎక్కించుకుని తిరిగేవాళ్లకి నంబరు ప్లేటు ఉన్న స్కూటర్ తప్ప వేరే దారి చూడొద్దు. కాలనీలోనే కూరగాయలకీ గుడికీ వెళ్లే పెద్దవాళ్లకి తక్కువ వేగం బండి చాలు, ఏఐఎస్-156 ప్యాక్‌తో లేదా లెడ్ యాసిడ్‌తో. సెకండ్ హ్యాండ్ అయితే 2023 మార్చి 31 తర్వాత తయారైన ప్యాక్ ఉన్నదే చూడండి. లేబుల్ చింపేసి ఉన్నా, సీలు విప్పి ఉన్నా వదిలేయండి. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బళ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు కాబట్టి ఆ ఖర్చు తప్పించుకోవడం కోసం తక్కువ వేగం బండి కొనాల్సిన పని అక్కడ లేదు.

రిజిస్టరైన బండికి ఇంకో ఆసరా కూడా ఉంది. బ్యాటరీ ఉబ్బడం, చార్జింగ్‌లో వాసన, పదేపదే వేడెక్కి ఆగిపోవడం లాంటి లోపం కనబడితే వాహన్ పోర్టల్‌లోని రీకాల్ విభాగంలో చాసిస్ నంబరుతో ఫిర్యాదు పెట్టొచ్చు. ఏడేళ్ల లోపు బళ్లకి అది వర్తిస్తుంది, ఒకే మోడల్ మీద తగినన్ని ఫిర్యాదులొస్తే కంపెనీ బళ్లని వెనక్కి పిలిపించి సరిచేయాలి. రిజిస్ట్రేషన్ లేని బండికి మిగిలేది వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన వినియోగదారుల కమిషన్. అక్కడ మీరు పెట్టాల్సిన రుజువులు బిల్లు, మినహాయింపు పత్రం, కొన్న రోజు తీసిన ఆ రెండు లేబుళ్ల ఫొటోలు.